గెట్టు పంచాయితీకి పునరావాసం

పద్నాలుగో గడిని ఇకమీదట ఎవరూ ఖాళీగా వదలకూడదని పైనుంచి మెమో వచ్చిన రోజున మా కార్యాలయంలో మధ్యాహ్నం టీ కూడా ఎవరూ తాగలేదు.

మాది బైపాసు రోడ్డు భూసేకరణలో సామాజిక ప్రభావాల అంచనా విభాగం. పేరు పెద్దదే గాని మనుషులం నలుగురమే. పట్నం నడిబజారులో లారీలు ఇరుక్కుపోతున్నాయని, చుట్టూ ఉన్న పల్లెల మీదుగా పద్దెనిమిది కిలోమీటర్ల బైపాసు వేస్తున్నారు. రోడ్డు కింద పోయే భూమిని కొలవడానికి రెవెన్యూవాళ్లున్నారు. చెట్లు లెక్కపెట్టడానికి అటవీశాఖ ఉంది. బావులకూ కొట్టాలకూ ఇంజనీర్లున్నారు. వీళ్లెవరి చేతికీ చిక్కకుండా ఇంకా ఏదైనా మిగిలితే దాన్ని సమాజం అంటారు. అది రాసుకోవడం మా పని. నేను అందులో కాంట్రాక్టు మీద చేరిన క్షేత్ర సహాయకుణ్ణి. మోటారుసైకిల్ నాదే, పెట్రోలూ నాదే, పెన్ను మాత్రం ప్రభుత్వానిది.

మేము నింపే పత్రం పేరు నమూనా ఏడు. అందులో ఇరవై రెండు గడులు. పద్నాలుగోది ఇలా ఉంటుంది: "బాధిత వ్యక్తుల మధ్య గల దీర్ఘకాలిక సామాజిక సంబంధములు, రహదారి వలన వాటికి వాటిల్లు విఘాతము, పునరుద్ధరణకై ప్రతిపాదించిన చర్యలు." అప్పటికి ఆరు ఊళ్లు తిరిగాను. ఈ ప్రశ్న చదివి వినిపించినప్పుడల్లా జనం నా మొహం వంక జాలిగా చూసి, మంచినీళ్లు ఏమైనా కావాలా అని అడిగేవాళ్లు. నేను నీళ్లు తాగి, గడిలో ఒక అడ్డగీత గీసి వచ్చేసేవాణ్ణి. ఆ అడ్డగీతలన్నీ రాజధానిలో ఎవరో లెక్కపెట్టారట. సంబంధాలు లేని సమాజం ఉండదు గనుక, లేవని రాసినవాళ్ల మీద చర్య తీసుకుంటామని మెమోలో ఉంది.

మా ప్రత్యేకాధికారి అనంతరామయ్యగారు రిటైర్మెంటుకు ఎనిమిది నెలల దూరంలో ఉన్నారు. ఆయన నోటితో మాట్లాడినా ఫైలు రాసినట్టే ఉంటుంది. ఇంట్లో భోజనానికి కూర్చుని "పప్పునందు ఉప్పు తగు మోతాదులో లేనట్లు గమనించడమైనది" అంటారని గిట్టనివాళ్లు చెప్పుకుంటే నేను నమ్మలేదు. ఒకసారి వాళ్లింట్లో భోంచేశాక నమ్మాను. ఆయన మెమోను మూడుసార్లు చదివి, మరుసటి ఊరినుంచి సంబంధం లేకుండా తిరిగి రావద్దని నాకు చెప్పారు.

మరుసటి ఊరు తాళ్లగుట్ట. అక్కడ ఓదెలుకూ రాజేశానికీ పక్కపక్కనే పొలాలు. రెండింటి మధ్యా హద్దుగా గెట్టు. పటంలో రోడ్డు సరిగ్గా ఆ గెట్టు వెంబడే పోతోంది. గెట్టుకు అటు కొంత, ఇటు కొంత రోడ్డుకు పోగా రాజేశానికి ఊరివైపు రెండెకరాలూ, ఓదెలుకు అవతలవైపు ఎకరన్నరా మిగులుతాయి. వ్యవసాయ బావి ఒక్కటే. వాళ్ల నాయనలిద్దరూ కలిసి తవ్వించుకున్నది. అది రాజేశం వైపు ఉంది. పొద్దటిపూట ఒకరి వంతు, మాపటిపూట ఇంకొకరి వంతు. మోటారు వేస్తే గెట్టు కిందనుంచి పైపులో నీళ్లు ఓదెలు పొలానికి పోతాయి.

నేను పోయేసరికి ఇద్దరూ గెట్టు మీదే కూర్చుని ఉన్నారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. ఓదెలు అరవై దాటినవాడు, సన్నగా ఉంటాడు. రాజేశం అంతకు నాలుగైదేళ్లు చిన్న, గొంతు పెద్దది. నేను పత్రం తీయకముందే ఓదెలు మొదలుపెట్టాడు.

"సారూ, ముందుగాల నీళ్ల సంగతి రాసుకోండ్రి. బాయి ఇటుదిక్కు, నా పొలం అటుదిక్కు. నడుమ రోడ్డు పడ్డంక పైపెట్ల పోతది? మట్టి పోయకముందే కింద చిన్న తూము పెట్టిస్తే చాలు. లేకుంటే నాకు మిగిలిన ఎకరన్నర గూడ పోయినట్టే."

నేను ఇరవై రెండు గడులూ వెతికాను. తూముకు గడి లేదు. అది ఇంజనీర్లు చూసుకునే పని, దరఖాస్తు పెట్టుకొమ్మని చెప్పి, నా ఉద్యోగం నిలబెట్టుకోవడానికి పద్నాలుగో ప్రశ్న చదివాను. ఓదెలు మంచినీళ్లు తేవడానికి లేచాడు. రాజేశం మాత్రం నవ్వాడు.

"సంబంధమా సారూ? ముప్పై రెండేండ్ల సంది ఈ గెట్టు కాడ కొట్లాడుతున్నం. గింతకంటె పాత సంబంధం మా ఊళ్లె ఇంకోటి లేదు."

ఎగతాళికి అన్నాడని నాకు తెలుసు. అయినా రాసుకున్నాను. రాసుకుంటూ అడిగితే సంగతంతా చెప్పారు. ఏటా మిరుగుకు, అంటే మృగశిర కార్తెకు, ముందు దుక్కులప్పుడు ఓదెలు నాగలి గెట్టును ఒక జానెడు గీకుతుంది. మర్నాడు రాజేశం పార ఇటువైపు ఇంకో జానెడు చెక్కుతుంది. అంతే, పొద్దున్నే మొదలవుతుంది. మొదట ఆడవాళ్లు, తర్వాత మగవాళ్లు. తాతల కాలం నాటి సంగతులన్నీ పైకి వస్తాయి. చుట్టుపక్కల చేలల్లో ఉన్నవాళ్లంతా పని వదిలి వచ్చి కూర్చుంటారు. చివరికి పెద్దమనుషులు తాడు పట్టి కొలుస్తారు. ఆ తాడు ఒక ఏడు చెప్పిన కొలత ఇంకో ఏడు చెప్పదు. తప్పు ఎవరి మీద పడితే వాళ్లు కల్లు తెప్పించాలి. రెండోవాళ్లు మిరుగు రోజున చేపల కూర పంపాలి. ఆ కూర ఇద్దరూ గెట్టు మీదే కూర్చుని తింటారు. ఈ ముప్పై రెండేళ్లలో ఎన్ని తిట్లు తిట్టుకున్నా నీళ్ల వంతు మాత్రం ఒక్కపూట కూడా తప్పలేదని ఓదెలు భార్య పోసవ్వ అంది. ఆ మాటకు గడి లేదు గనుక రాసుకోలేదు.

అనంతరామయ్యగారు నా పత్రం చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లు కొంచెం తడిగా ఉన్నాయని నా అనుమానం.

"ముప్పది రెండు సంవత్సరముల సంబంధము. గెట్టు రహదారి గర్భమునకు పోవుచున్నది. గెట్టు లేనిచో కలహమునకు ఆధారము లేదు. అనగా ఈ బాధితులిరువురూ ఆజన్మాంతము కలహ రహితులుగా జీవించవలసి వచ్చును."

కొట్లాట పోతే మంచిదే కదా సార్ అని నేను మెల్లిగా అన్నాను. మంచిచెడ్డలు మన పరిధిలోకి రావనీ, ఉన్న సంబంధం ఉన్నట్టుగా తిరిగి అప్పగించడమే మన బాధ్యతనీ ఆయన వివరించారు. ఇల్లు పోయినవాడికి ఇల్లు కట్టిస్తున్నప్పుడు, కొట్లాట పోయినవాడిని గాలికి వదిలేయడం ఏ చట్టంలో ఉందని అడిగారు. ఆ సాయంత్రమే ప్రతిపాదన పోయింది. తొమ్మిది రోజుల్లో మంజూరు వచ్చింది. మా విభాగం పుట్టాక తొమ్మిది రోజుల్లో వచ్చిన కాగితం అదొక్కటే.

ఓదెలు తూము దరఖాస్తు కూడా ఆ సమయంలోనే బయలుదేరింది. ఇంజనీరింగువారు దాన్ని చూసి, రోడ్డు నక్షా ఖరారైపోయిందనీ, పైగా ఒక రైతు బావిలోంచి ఇంకో రైతుకు నీళ్లు పోవడం కేవలం వాళ్లిద్దరి మధ్య ఏర్పాటు గనుక ఇది సామాజికమనీ రాసి మాకు పంపారు. మట్టి కింద పెట్టేది సామాజికం ఎలా అవుతుందని మేము తిప్పి పంపాము. అది ఐదుసార్లు అటూ ఇటూ తిరిగింది. ఓదెలు ప్రతి సోమవారం వచ్చి, ఈ వారం కాగితం ఏ దిక్కున ఉందని అడిగేవాడు. నేను చెయ్యెత్తి చూపించేవాణ్ణి. ఆయన ఆ దిక్కుకు పోయేవాడు. నాకు సిగ్గుగా ఉండేది గాని దానికీ ఏ ఫారంలోనూ గడి లేదు.

ఈలోగా రాజధానినుంచి సంబంధాల పునరుద్ధరణ నిపుణురాలు చారుశీలగారు దిగారు. మంచి మనిషి, పల్లెలంటే ఎంతో గౌరవం. ఎక్కడో ఒక ప్రాజెక్టులో ముంపుకు గురైన రచ్చబండ కబుర్లను విజయవంతంగా కొత్త కాలనీకి తరలించిన అనుభవం ఉంది. ఆవిడ ఓదెలునూ రాజేశాన్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, కలహం ఏడాదికి ఎన్నిసార్లు, ఎంతసేపు, తీవ్రత ఒకటినుంచి ఐదులో ఎంత అని అడిగారు. తీవ్రత ఆ పొద్దు ఏం తిన్నామన్న దాన్నిబట్టి ఉంటుందని ఓదెలు చెప్పాడు. ఆవిడ "ఆహార భద్రతతో ముడిపడిన అంశం" అని రాసుకున్నారు.

తర్వాత తిట్లు రాసుకోవలసి వచ్చింది. రాజేశం మొదట మొహమాటపడి, తర్వాత ఉత్సాహంగా పదిహేడు చెప్పాడు. ప్రభుత్వ స్థలంలో ప్రభుత్వ ఖర్చుతో జరిగే కలహంలో పౌరుల గౌరవానికి భంగం కలిగించే మాటలు ఉండకూడదని చారుశీలగారు పదకొండింటిని కొట్టేశారు. మిగిలిన ఆరింటినీ అనంతరామయ్యగారు స్వయంగా కార్యాలయ భాషలోకి దిద్దారు. "నీ ఎడ్లకు రోగమొచ్చి కొట్టంలనే పడ" అన్నది "తమ పశుసంపద అస్వస్థతకు లోనగుగాక" అయింది. "నీ నోట్ల మన్నుబడ" అన్నది "తమ వాక్కునకు మృత్తికా విఘాతము కలుగుగాక" అయింది. ఆ కాగితం ప్రతులు ఇద్దరికీ ఇచ్చి, బట్టీపట్టమని చెప్పారు. ఓదెలుకు చదువు రాదు. రాజేశమే రోజూ సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చుని ఆయనకు నేర్పించేవాడు.

గ్రామపంచాయతీ ఆఫీసు పక్కన ప్రభుత్వ జాగాలో నమూనా గెట్టు లేచింది. పన్నెండు మీటర్ల పొడవు, రెండు పక్కలా రాతికట్టు, పైన సిమెంటు. చూడముచ్చటగా ఉంది. తీరా అయ్యాక, ఇంత గట్టి గెట్టును ఎవరూ గీకలేరు గనుక కలహానికి కారణం ఉండదని చారుశీలగారికి తోచింది. అప్పుడు పైన నాలుగంగుళాల మందాన మట్టి పోయించి, బాధితులు గీకిన మట్టిని మర్నాటికల్లా తిరిగి పూడ్చడానికి పంచాయతీ కార్మికుడికి అదనపు విధి అప్పగించారు. పెద్దమనుషులకు రేకుల షెడ్డు, కొలవడానికి నైలాను తాడు, మంచినీళ్ల కుండ. "నమూనా గెట్టు. బాధితుల వినియోగార్థం మాత్రమే. ఇతరులు కలహించరాదు" అని బోర్డు కూడా రాయించారు.

ఆ బోర్డు ఊళ్లో చిచ్చుపెట్టింది. ఓదెలూ రాజేశాల కొట్లాటకు ఇంత మర్యాద జరుగుతుంటే మా కొట్లాటలు ఏం పాపం చేసుకున్నాయని మిగతావాళ్లు వచ్చారు. వీధి కుళాయి దగ్గర పదిహేనేళ్లుగా కొట్లాడుకుంటున్న తోడికోడళ్లు వచ్చారు. కల్లు దుకాణం దారి విషయంలో మాటల్లేని రెండు వాడలవాళ్లు వచ్చారు. అందరికీ ఇవ్వలేము గనుక, విరోధం కనీసం పదేళ్లనాటిదని తహశీల్దారునుంచి ధ్రువపత్రం తేవాలన్నాము. విరోధ ధ్రువపత్రానికి ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్లు రెండు పక్షాలకూ స్నేహితులై ఉండాలి. అలాంటివాళ్లకు ఊళ్లో ఎక్కడలేని గిరాకీ వచ్చింది. విరోధి చనిపోయిన ఒకావిడకు వారసులతో కొనసాగించుకునే వీలు కల్పించాము. ఏ గొడవా లేని ఇద్దరు అన్నదమ్ములు పాపం పొద్దున్నే వచ్చి లైన్లో నిలబడ్డారు. వాళ్ల పొలాలు కూడా రోడ్డుకు అటూ ఇటూ అయిపోయాయి. రోజూ కలిసి సద్ది తినేవాళ్లం, ఇప్పుడెట్ల అని అడిగారు. స్నేహం ఫోనులో కూడా చేసుకోవచ్చు గనుక దానికి స్థలం అవసరం లేదని అనంతరామయ్యగారు వాళ్ల దరఖాస్తును తిరస్కరించారు. ఇంటికి పోయి ఆ అన్నదమ్ములు కొట్లాట మొదలుపెట్టారు గాని, పదేళ్లు నిండాలి కదా.

ఏప్రిల్‌లో నమూనా గెట్టు మీద మొదటి ప్రయోగం జరిగింది. ఓదెలు అటు, రాజేశం ఇటు నిలబడ్డారు. చారుశీలగారు చేతిగడియారం చూసి, ప్రారంభించండి అన్నారు. ఓదెలు కాలి బొటనవేలితో గెట్టును కొంచెం గీకాడు. రాజేశం చూస్తూ ఊరుకున్నాడు. ఐదు నిమిషాలు గడిచాయి. ఓదెలు నేర్చుకున్న మొదటి తిట్టు ఎత్తుకుని, "తమ పశుసంపద" దాకా వచ్చి ఆగిపోయాడు. రాజేశం పక్కనుంచి "అస్వస్థతకు" అని అందించాడు. చివరికి అనంతరామయ్యగారు ముందుకు వచ్చి, ప్రభుత్వం ఇంత వెచ్చించాక సహకరించకపోవడం తగదని మందలించారు. అప్పుడు రాజేశం నోరు విప్పాడు.

"గెట్టుకు అటుపక్క పంట ఉంటెనే కొట్లాట సారూ. ఓదెలు బావకు నీళ్లు రాకపోతే ఆ భూమి పడావు పడుతది. పడావు భూమోనితోని ఎవడన్న గెట్టు కోసం కొట్లాడుతడా? మీరు తూము పెట్టియ్యుండ్రి. మేం దినాం కొట్లాడుతం, మీరు వద్దన్నా కొట్లాడుతం."

ఆ రోజు రికార్డులో "బాధితులు పరస్పర మౌనము వహించిరి, తూము అంశము ఈ విభాగ పరిధికి వెలుపలిది" అని రాశాము.

మే నెల మొదట్లో రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. నమూనా గెట్టును ప్రారంభించి, పునరుద్ధరించిన కలహాన్ని కళ్లారా చూడటానికి రాజధానినుంచి కమిషనర్‌గారు ఇరవయ్యో తారీఖున వస్తున్నారు. రోడ్డుకు రెండో పొర మట్టి పని కూడా ఆ వారంలోనే ఓదెలు పొలం దగ్గరికి చేరుతుంది. అక్కడ ఒక పొర మొరం అప్పటికే పరిచారు. రెండో పొర పడి రోలరు తిరిగితే ఇక దాన్ని ఎవరూ తవ్వలేరు.

ఆ సోమవారం ఓదెలు మా ఆఫీసుకు వచ్చి నిలబడ్డాడు. ఈసారి కాగితం ఏ దిక్కున ఉందని అడగలేదు. మా పెదసారు బల్ల ముందు చేతులు కట్టుకుని, ఎకరన్నరను ఎండబెట్టుకుని ఈ వయసులో కూలికి పోలేనని మాత్రం చెప్పాడు. అనంతరామయ్యగారు చెడ్డమనిషి కాదు. తూము తన చేతిలో లేదనీ, అయితే కమిషనర్‌గారి ముందు కలహం సవ్యంగా జరిగితే ఫైలులో సానుకూలంగా రాస్తాననీ చెప్పారు. సానుకూలంగా రాస్తే నీళ్లు వస్తాయా అని ఓదెలు అడిగాడు. పరిశీలనకు వస్తుంది అన్నారు సారు.

రెండు రోజుల తర్వాత ఓదెలూ రాజేశం ఇద్దరూ కలిసి ఒకే బండి మీద వచ్చారు. కొట్లాడతామన్నారు. అయితే ఊరి కట్టుబాటు ప్రకారం మూడు షరతులున్నాయన్నారు. పొద్దున ఎనిమిదింటికి మొదలైతే తమకు తాముగా ఆపేవరకూ ఎవరూ మధ్యలో ఆపకూడదు, భోజనానికి కూడా. గెట్టు చుట్టుపక్కల పని చేసేవాళ్లంతా విధిగా వచ్చి కూర్చోవాలి. ఇప్పుడు గెట్టు చుట్టూ పని చేస్తున్నది రోడ్డువాళ్లు గనుక జేసీబీ డ్రైవర్లు, రోలరు నడిపేవాళ్లు, సూపర్‌వైజర్ అందరూ రావాలి. మూడోది, ఆడవాళ్లు ఆ ఛాయలకే రాకూడదు. అది మొదటినుంచీ వస్తున్న ఆచారమట.

మొదటినుంచీ ఆడవాళ్లే మొదలుపెడతారని నేను మార్చిలో రాసుకున్న కాగితం నా సంచిలోనే ఉంది. దాన్ని తీయాలని నాకు తోచలేదు. బహుశా తోచినా తీసేవాణ్ణి కానేమో. అనంతరామయ్యగారు ఆచారాలను గౌరవించడం విభాగపు మౌలిక సూత్రమని చెప్పి మూడు షరతులకూ ఉత్తరువు జారీచేశారు. టైపు చేసింది నేనే. రోడ్డు కాంట్రాక్టరుకు ఒక ప్రతి పోయింది.

ఇరవయ్యో తారీఖు పొద్దున షామియానా వేశారు. కమిషనర్‌గారు రిబ్బను కత్తిరించి, ఇంతకాలం అభివృద్ధి మనుషులను కలిపిందే గాని వాళ్ల మధ్య ఉన్న విభేదాలను పట్టించుకోలేదని చక్కగా మాట్లాడారు. రోడ్డువాళ్లు ముప్పైమందీ ముందు వరసలో కూర్చున్నారు. సూపర్‌వైజర్‌కు కుర్చీ వేశారు.

ఎనిమిదిన్నరకు మొదలైంది. మొదటి ఆరు తిట్లూ కార్యాలయ భాషలో జరిగాయి. కమిషనర్‌గారు తల ఊపారు. ఏడో తిట్టుకు రాజేశం లుంగీ ఎగ్గట్టి సొంత భాషలోకి దిగాడు. చారుశీలగారు లేవబోయారు గాని ఆపకూడదని ఉత్తరువు ఉంది. నేను అలాంటి కొట్లాట అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఓదెలు అంత సన్నటి మనిషిలో అంత గొంతు ఎక్కడుందో తెలియదు. రాజేశం తాత దొంగిలించిన మేకపోతు సంగతి వచ్చింది. ఓదెలు పెళ్లిలో తక్కువపడిన పప్పు సంగతి వచ్చింది. పెద్దమనుషులు నైలాను తాడు పట్టి కొలిచారు, అది పొట్టిదన్నారు, ఇంకో తాడు కోసం మనిషిని పంపారు, ఆ మనిషి గంటన్నర తర్వాత తాడు మరిచిపోయి వచ్చాడు. పదకొండు గంటలకల్లా జేసీబీవాళ్లు ఓదెలు పక్షం, రోలరువాళ్లు రాజేశం పక్షం అయిపోయారు. సూపర్‌వైజర్ కుర్చీ మీదనుంచి లేచి, మేకపోతు విషయంలో తన అభిప్రాయం చెప్పాడు.

పన్నెండున్నరకు చల్లబడుతున్నట్టు అనిపించింది. కమిషనర్‌గారు భోజనాల వైపు చూశారు. ఓదెలు పొలాల దిక్కు ఒకసారి చూసి, నుదుటి చెమట తుడుచుకుని, రాజేశం ముత్తాతను ఎత్తుకున్నాడు. ముత్తాతకు ఇంకో గంట పట్టింది.

ఒకటిన్నర దాటాక పోసవ్వ వచ్చి జనం వెనకాల నిలబడింది. కూడు చల్లారిపోతుందని మొగుడికి వినపడేలా అంది. ఓదెలు అంటున్న మాట సగంలోనే ఆపేశాడు. ఇద్దరూ గెట్టు మీద చతికిలబడి కుండలో నీళ్లు ఒకే చెంబుతో తాగారు. కమిషనర్‌గారు చప్పట్లు కొట్టారు, మేమందరం కొట్టాము. నేను చప్పట్లు కొడుతూ పోసవ్వ కాళ్ల వైపు చూశాను. మోకాళ్ల దాకా ఎర్రమొరం అంటుకుని ఉంది. ఆ ఊరిది నల్లరేగడి. ఎర్రమొరం రోడ్డు పని దగ్గర తప్ప ఎక్కడా లేదు.

సాయంత్రం ఇంటికి పోతూ బండిని అటు తిప్పాను. పరిచిన మొరం మీద ఈ చివరనుంచి ఆ చివరకు, నలభై అయిదు మీటర్ల మేర, ఒక బారెడు వెడల్పున మట్టి రంగు కొంచెం వేరుగా ఉంది. కాళ్లతో తొక్కి, నీళ్లు చల్లి, మళ్లీ తొక్కారు. ఊళ్లో ఆడవాళ్లు అరవైమంది ఉంటారు. తూముగా ఆరంగుళాల పైపు, దాని లోపల నీళ్లకు మూడంగుళాల పైపు వేశారట, ఎప్పుడైనా పగిలితే రోడ్డు తవ్వకుండానే లాగి మార్చుకోవచ్చని. లోపలి పైపు రాజేశం ఇంట్లోదని తర్వాత తెలిసింది. మర్నాడు రెండో పొర మొరం పడింది, రోలరు తిరిగింది. తూము నా పరిధిలోకి రాదు గనుక నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

కలహం నూటికి నూరుపాళ్లు పునరుద్ధరించబడినట్టు నివేదిక పోయింది. మిగిలిన పదకొండు ఊళ్లలోనూ నమూనా గెట్లు కట్టాలని ఉత్తరువు వచ్చింది. అనంతరామయ్యగారికి సన్మానం జరిగింది. శాలువా "తగు మోతాదులో" ఉందని ఆయన సంతోషించారు. ఓదెలు ఫైలు మాత్రం ఆరోసారి ఇంజనీరింగుకు బయలుదేరింది. వాళ్లు ఈసారి కాస్త కఠినంగా రాశారు. అనుమతి లేకుండా రోడ్డు కింద ఎవరైనా పైపు వేసినట్టు సర్వేలో బయటపడితే వెంటనే తొలగించి, పైపు జప్తు చేయాలని అన్ని విభాగాలకూ సర్క్యులర్ ఇచ్చారు.

మరుసటి యాసంగి పంటకాలంలో, పునరుద్ధరించిన సంబంధం నిలకడగా ఉందో లేదో తనిఖీ చేసి రమ్మని నన్ను మళ్లీ తాళ్లగుట్టకు పంపారు. మిట్టమధ్యాహ్నం. రోడ్డు పూర్తయి లారీలు దడదడా పోతున్నాయి. నమూనా గెట్టు మీద ఎవరో మిరపకాయలు ఆరబోశారు. ఓదెలు పొలంలో వరి పొట్టకు వచ్చి ఉంది.

రోడ్డుకు ఇటు బావి దగ్గర రాజేశం, అటు చేలో ఓదెలు, చెరొక ఫోను చెవికి పెట్టుకుని కొట్లాడుకుంటున్నారు. లారీ పోయినప్పుడల్లా ఆగి, పోయాక మళ్లీ అందుకుంటున్నారు. వంతు అయిపోకముందే అర్ధగంట ముందుగా మోటారు బంద్ చేశాడని ఓదెలు, మోటారు వేడెక్కితే కాలిపోతుందని రాజేశం. మాటల్లో ఆ మేకపోతు కూడా మళ్లీ వచ్చింది. ఇది నిజం కొట్లాటేనని నాకు వెంటనే తెలిసింది, ఎందుకంటే ఇద్దరిలో ఎవరూ నా వంక చూడలేదు.

నేను రోడ్డు దాటి ఓదెలు దగ్గరికి పోయి పత్రం తీశాను. సంబంధం దేనిమీద ఆధారపడి నిలిచిందో కారణం రాయాలని చెప్పాను. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, నా చేతిలోని పెన్నును చూశాడు. ఆ మొహంలో భయం చూస్తే నాకు కష్టమనిపించింది.

"రాయకు బిడ్డా. నాలుగు వేపచెట్లు రాసుకున్నరు, పోయినయి. కొట్టం రాసుకున్నరు, పోయింది. గెట్టు రాసుకున్నరు, పోయింది. మీరు రాసుకోని పైపొక్కటే నాకు మిగిలింది."

నేను పత్రం మడిచి సంచిలో పెట్టుకున్నాను. తాళ్లగుట్టలో ఏం చూశావని ఆఫీసులో అడిగితే, ఎండకు కళ్లు చెదిరి ఏమీ కనబడలేదు సార్ అని చెప్పాను.